తెర మీద మన ఊరు లేదు

బడిలోకి కంప్యూటరు రావాలా వద్దా అన్న మాట మన ఏజెన్సీలో పాతబడిపోయింది. అది వచ్చేసింది. కొన్ని ఊళ్లకు రోడ్డు కంటే ముందే వచ్చింది. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న వేరు. బడికి కొత్త పుస్తకం వస్తే చదువుకున్న ఆదివాసీ మూడు సంగతులు చూస్తాడు. ఎవరు రాశారు, ఎవరి బతుకు గురించి రాశారు, ఎవరి భాషలో రాశారు. పాఠ్యపుస్తకాల మీద మనవాళ్లు ఈ విమర్శ ఎన్నో ఏళ్లుగా చేస్తూనే ఉన్నారు. అదే పాఠం తెర మీదికి ఎక్కేసరికి మన నోళ్లు మూతపడ్డాయి. బొమ్మ కదులుతోంది, రంగులున్నాయి, పిల్లలు కదలకుండా చూస్తున్నారు, ఇంకేం కావాలి అనుకుంటున్నాం. మీటింగుల్లో అడిగేది కూడా ఎన్ని ట్యాబులు వచ్చాయి, ఎన్ని పాడయ్యాయి, ఎన్ని గంటలు వాడారు అనే. పాఠం ఎలా ఉందని ఎవరూ అడగరు.

ఈ వ్యాసంలో నేను పాఠం గురించే అడుగుతాను. నేను కోయ టీచర్ని. టీటీసీ చేసి ఉద్యోగంలో చేరినప్పటి నుంచి శబరి ఒడ్డు ఊళ్లలో, ప్రాథమిక పాఠశాలల్లోనూ ఆశ్రమ పాఠశాలల్లోనూ పనిచేస్తూ వచ్చాను. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం మా మండలాలను ఖమ్మం జిల్లా నుంచి తీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. మా చుట్టాల పిల్లలు ఇప్పటికీ భద్రాచలం వైపు తెలంగాణ బడుల్లో చదువుతున్నారు. అందుకే రెండు ప్రభుత్వాల పథకాలూ మాకు ఇంట్లో సంగతులే.

ముందు కొంచెం వెనక్కి చూడాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2008 తర్వాత 5000 ఉన్నత పాఠశాలల్లో ప్రైవేటు కంపెనీల చేత కంప్యూటర్ గదులు పెట్టించారు. ఐదేళ్ల ఒప్పందం. గడువు తీరాక ఇన్‌స్ట్రక్టర్లు ఇళ్లకు పోయారు, గదులకు తాళాలు పడ్డాయి. 2017లో కేంద్రం దీక్షా వేదిక తెచ్చింది, పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు అచ్చయ్యాయి. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరిలోనూ టీ-శాట్‌లోనూ పాఠాలు చెప్పారు. ఆంధ్రలో సప్తగిరి ఛానల్ ఆ పని చేసింది. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు, వాళ్ల టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు ఇవ్వడం మొదలైంది. మరుసటి ఏడు అదే తేదీన రెండో విడతను మన చింతపల్లిలోనే మొదలుపెట్టారు. గోడలకు ఐఎఫ్‌పీ తెరలు, చిన్న తరగతులకు స్మార్ట్ టీవీలు కూడా వచ్చాయి. ఆ ట్యాబుల్లో పాఠాలు నింపిన బైజూస్ కంపెనీ మీద 2024 జూలైలో దివాలా కేసు నడిచింది. కంపెనీ లేవడం, పడడం కంపెనీ సంగతి. పాఠం చేసినవాళ్లే చిక్కుల్లో పడితే, ఆ పాఠంలో తప్పుంటే దిద్దేదెవరు అన్నది మాత్రం మన సంగతి. పుస్తకంలో తప్పుంటే నేను పెన్నుతో కొట్టేసి పైన రాస్తాను. ట్యాబులో పాఠాన్ని నేను కొట్టేయలేను.

కరెంటు, సిగ్నల్, చార్జింగ్ గురించి ఎక్కువ రాయను. అవి అందరికీ తెలిసినవే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 70 అడుగులు దాటినప్పుడు శబరి వెనక్కి తన్ని మా ఊళ్లు నీళ్లలో ఉన్నాయి. అలాంటప్పుడు రోజుల తరబడి కరెంటు ఉండదు, బడే పునరావాస శిబిరం అవుతుంది. టీచరు హాజరు కూడా ఫోన్లో ముఖం చూపించి వేయాలని పెట్టారు. సిగ్నల్ కోసం గుట్టెక్కిన టీచరు ముఖం యాప్‌కు దొరికింది గానీ, ఆ పొద్దు పిల్లలకు దొరకలేదు. సరే, ఇవన్నీ టవర్లు వేస్తే, తీగలు లాగితే తీరిపోయే కష్టాలు. నేను చెప్పేది టవరు వేసినా తీరనిది.

రెండో తరగతికి నేను వేసి చూపిన ఒక వీడియో పాఠం చెబుతాను. ఎవరు చేశారన్నది ఇక్కడ ముఖ్యం కాదు. అలాంటివి చాలా ఉన్నాయి. పాఠం పేరు మా ఊరు. తెర మీద తారు రోడ్డు, రోడ్డుకు రెండు వైపులా డాబాలు, పోస్టాఫీసు, బ్యాంకు, పార్కు, పార్కులో ఊయల. ఒక పాప బూట్లు వేసుకుని, వాళ్ల నాన్న స్కూటరు మీద బడికి పోతోంది. గొంతు తియ్యగా ఉంది. మధ్యలో ఆ గొంతు అడుగుతుంది: పిల్లలూ, మీ ఊళ్లో ఏమేం ఉన్నాయో చెప్పండి చూద్దాం! మూడు సెకన్లు ఆగుతుంది. తర్వాత, శభాష్, చాలా బాగా చెప్పారు అంటుంది.

మా పిల్లలు ఏమీ చెప్పలేదు. వాళ్లు ఇంకా ప్రశ్నను కోయలోకి మార్చుకుంటున్నారు. శభాష్ వినగానే ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వెనక కూర్చున్న ఒక బుడ్డోడు పకపకా నవ్వాడు. చెప్పకుండానే శభాష్ అన్నందుకు వాడికి నవ్వొచ్చింది. డిజిటల్ పాఠం మీద నేను విన్న మొదటి విమర్శ వాడిదే. నా మాటలకంటే ఆ నవ్వే గట్టి విమర్శ.

ఆ మూడు సెకన్ల సంగతి తేలిగ్గా తీసిపారేయొద్దు. పాఠం చెప్పడమంటే ప్రశ్న అడిగి ఆగడం, పిల్ల చెప్పిన దాన్ని బట్టి తర్వాతి మాట ఎంచుకోవడం. టీటీసీలో మాకు నేర్పింది ఇదే. తెర ఆగినట్టు నటిస్తుంది. పిల్ల ఏం చెప్పినా, చెప్పకపోయినా, తప్పు చెప్పినా అది అనేది ఒకటే. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకు దీనివల్ల పెద్ద నష్టం లేదు. ఆ మూడు సెకన్లలో ఆమె ఏదో ఒకటి అనేస్తుంది. ఇంట్లో కోయో, కువియో, సవరో, కొలామీయో మాట్లాడే పిల్లకు ఆ మూడు సెకన్లు ప్రశ్న అర్థం చేసుకోవడానికే చాలవు. నోరు తెరిచేలోపు పాఠం ముందుకు పోయింది. రోజూ ఇలాగే జరిగితే పిల్ల ఏం నేర్చుకుంటుంది? నా మాట అక్కర్లేకుండానే చదువు సాగిపోతుందని నేర్చుకుంటుంది. మన పిల్లలు క్లాసులో నోరు విప్పరని బయటి నుంచి వచ్చిన అధికారులు రాసుకుని పోతారు. తెర ఆ మౌనాన్ని ఇంకాస్త గట్టిపరుస్తోంది.

ఇక మాటల సంగతి. మా కోయలో ఏరు అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే వాగు. మా కోయలో నారు అంటే ఊరు. తెలుగులో నారు పోస్తారు, పీకుతారు, నాటుతారు. లోన్ అంటే మాకు ఇల్లు. ఒకసారి లెక్కల వీడియోలో రైతుకు బ్యాంకు లోన్ ఇచ్చిందని వచ్చింది. బ్యాంకువాళ్లు ఇల్లెందుకు ఇచ్చారు సారూ అని ఐదో తరగతి పిల్ల అడిగింది. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే పాఠం ఉంది. మన లోన్ వేరు, బ్యాంకు లోన్ వేరు, తీర్చకపోతే రెండోది మొదటిదాన్ని తీసుకుపోతుంది అని చెప్పాను. వడ్డీ లెక్క ఆ రోజు ఎక్కినట్టు మళ్లీ ఎప్పుడూ ఎక్కలేదు. చూడండి, ఆ పిల్ల అడిగింది నన్ను. తెరను అడగలేదు. కోయ రాని టీచరు అక్కడుంటే ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో కూడా తెలిసేది కాదు. తెలివి తక్కువ ప్రశ్న అనుకునేవాడు.

ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు పాఠ్యపుస్తకం ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. దాన్ని ద్విభాషా పుస్తకం అంటున్నారు. మన పిల్ల చేతిలో పెడితే అందులో రెండు భాషలూ పరాయివే. ట్యాబు కూడా ఆ రెండింటి మధ్యే తిరుగుతుంది. మూడో పేజీ ఉండాలని ఎవరికీ తోచలేదు. తోచకపోవడానికి చట్టం లేక కాదు. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగం 350ఏ అధికరణ అంటోంది. విద్యాహక్కు చట్టమూ సాధ్యమైనంత వరకు మాతృభాషే బోధనా మాధ్యమం అంటోంది. 2020 జాతీయ విద్యావిధానం కూడా కనీసం ఐదో తరగతి దాకా అదే మాట చెప్పింది. అదే విధానం డిజిటల్ చదువు గురించి చెప్పిన మాటలు వెంటనే టెండర్లయ్యాయి. మాతృభాష గురించి చెప్పిన మాటలకు టెండరు పిలిచేదేముంది? దానికి మనుషులు కావాలి.

నేను తెరకు శత్రువును కాదు. తెర చేసిన మేలు ఒకటి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. మన ఊళ్లలో సికిల్ సెల్ జబ్బు ఎంతమందిని తింటోందో మీకు తెలుసు. 2023 జూలైలో కేంద్రం దీని నిర్మూలన కోసం జాతీయ కార్యక్రమం మొదలుపెట్టాక బడుల్లోనూ రక్త పరీక్షలు చేస్తున్నారు. పిల్లలకు కార్డులు చేతికొస్తాయి, అందులో ఏముందో తెలియదు. బల్ల మీద సుద్దముక్కతో ఎర్ర కణం గీస్తే అది రొట్టెలాగో గవ్వలాగో కనిపిస్తుంది తప్ప పాఠం కాదు. గుండ్రంగా ఉండే కణాలు నాళంలో జారుతూ పోవడం, కొడవలిలా వంగిన కణాలు సన్నటి మలుపు దగ్గర ఒకదాని మీద ఒకటి పడి ఇరుక్కుపోవడం తెర మీద చూపించాను. శబ్దం తీసేసి కోయలో నేనే చెప్పాను. ఒక పిల్ల లేచి, మా అక్కకు చలికాలంలో కీళ్లు పట్టేసి ఏడ్చేది ఇందుకేనా అంది. ఇంకొకడు, మా తమ్ముడికి ఉంది, నాకు లేదు, ఎందుకు అన్నాడు. తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ ఆ లక్షణం దాగి ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు అని చింతగింజలతో ఆడించి చూపాను. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. ఆ బొమ్మ లేకుండా నేను ఆ పాఠం అంత బాగా చెప్పలేను. నేను లేకుండా ఆ బొమ్మ ఆ పాఠం అసలు చెప్పలేదు.

ఈ మాటకు బయట కూడా సాక్ష్యాలున్నాయి. దక్షిణ అమెరికాలో పెరూ అనే దేశం ఉంది. అక్కడి కొండ ప్రాంతాల్లో కెచువా మొదలైన భాషలు మాట్లాడే మూలవాసులు ఉంటారు. ఆ ప్రభుత్వం పల్లె బడుల పిల్లలకు లక్షల లాప్‌టాప్‌లు పంచింది. అక్కడి 319 పల్లె బడుల మీద చేసిన అధ్యయనం 2012లో బయటికి వచ్చింది. కంప్యూటర్లు పిల్లల చేతికి చేరాయి, వాడకం పెరిగింది. లెక్కల్లో, భాషలో చదువు మాత్రం పెరిగిన జాడ లేదు. దీనికి ఎదురు సాక్ష్యం కూడా చెప్పాలి. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే కంప్యూటర్ కార్యక్రమం మీద చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. నాలుగున్నర నెలల్లోనే పిల్లలు లెక్కల్లో, హిందీలో బాగా ముందుకొచ్చారు. ఎందుకు? ఆ కార్యక్రమం ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో చూసి అక్కడి నుంచి మొదలుపెట్టింది. ఆ పిల్లలు రోజూ మాట్లాడే హిందీలో చెప్పింది. పైగా చిన్న గుంపులతో కూర్చోబెట్టి చెప్పడానికి మనుషులు కూడా ఉన్నారు. మన దేశంలోనే అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఏళ్ల తరబడి అనేక భాషల్లో సీడీ పాఠాలు చేసి వేల బడులకు పంచింది. తర్వాత ఆ పని ఆపి టీచర్లతో పనిచేయడం వైపు మళ్లింది. కంప్యూటర్ చదువుకు ఉన్న హద్దుల గురించి వాళ్లే బాహాటంగా రాశారు. ఇన్ని డబ్బులు పోసి నేర్చుకున్న సంగతులు మన దగ్గర ట్యాబులు కొన్నవాళ్లు చదివారో లేదో.

అంటే పాఠం భాష, పక్కన ఉండే మనిషి, ఈ రెండూ తేల్చాల్సిన విషయాలు. ఇప్పుడు ఆ మనిషి సంగతి చూద్దాం. 2000 జనవరి 10న వచ్చిన జీవో 3 షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలంది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. అదే ఏడాది సెప్టెంబరు నాటికి పాఠాలు టీవీలోకి ఎక్కాయి. ఈ రెండింటికీ కుట్ర సంబంధం ఏమీ లేదు. కోర్టు కోర్టు పని చేసింది, కరోనా కరోనా పని చేసింది. కానీ పిల్ల కూర్చున్న చోటు నుంచి చూస్తే ఒకే ఏడాదిలో రెండు మార్పులు జరిగాయి. తన భాష తెలిసిన టీచరు వస్తాడన్న హామీ పోయింది, తన భాష తెలియని తెర వచ్చింది. ఏకలవ్య గురుకులాల్లో 2023లో దేశమంతా ఒకే పరీక్ష పెట్టి నియామకాలు చేశాక హిందీ రాష్ట్రాల నుంచి టీచర్లు మన వైపు వచ్చారు. వాళ్లూ ఉద్యోగం కోసం వచ్చిన పేదింటి పిల్లలే, వాళ్లను అనడానికి లేదు. అక్కడ కంప్యూటర్ ల్యాబు బాగానే ఉంటుంది. తెలుగే రాని టీచరు, ఇంగ్లీషు తెర, నడుమ కోయ పిల్ల.

జీవో 3 గురించి మనం ధర్నాలు చేశాం. అది ఉద్యోగాల పోరాటం అనుకుని చాలామంది దూరంగా ఉన్నారు. అది బోధనా పద్ధతి గురించిన పోరాటం కూడా అని, పిల్ల ప్రశ్న అర్థమయ్యే మనిషి బడిలో ఉండాలా వద్దా అన్న పోరాటం అని మనమే సరిగ్గా చెప్పలేకపోయాం. కంప్యూటర్లు వచ్చాక ఆ వాదన ఇంకా బలపడింది. తెర ఎంత తెలివైనదైతే పక్కన ఉండే మనిషికి అంత ఎక్కువ భాష తెలియాలి.

మన భాషల్లో చదువు కొత్త ఆలోచన కాదు. గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే చెప్పించాలని ఒక జీవితకాలం పనిచేశాడు. 1940లలో హైమెండార్ఫ్ ఆదిలాబాద్ మార్లవాయిలో గోండు యువకులకే టీచరు శిక్షణ ఇప్పించి, గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో చేయించాడు. మన కళ్ల ముందే, 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రం ఎనిమిది భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టింది. గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా. తెలుగు లిపిలో వాచకాలు వచ్చాయి, గోడ చార్టులు వచ్చాయి. కోయ వాచకం పట్టుకున్న మొదటి రోజు ఒకటో తరగతి పిల్లలు నాకంటే గట్టిగా చదివారు. చదవడం వాళ్లకు ఇంకా రాదు, బొమ్మ చూసి వాళ్ల మాటలు వాళ్లు చెబుతున్నారు. చదువు మొదలయ్యేది అలాగే. తర్వాత శిక్షణలు తగ్గాయి, పుస్తకాలు ఆలస్యమయ్యాయి, ఇంగ్లీషు మీడియం గాలి వీచింది. ఇరవై ఏళ్ల కింద కాగితం మీద ఉన్న మా భాష ఈనాడు తెర మీద లేదు. ముందుకు పోయామంటారు, దేని నుంచి ముందుకో నాకు తెలియదు.

మన భాషలు కంప్యూటరుకు పట్టవు అనే మాట మాత్రం అబద్ధం. సవరల సొరంగ్ సొంపెంగ్ లిపిని 2012లో, మసరం గోండి లిపిని 2017లో, నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో దొరికిన పాత రాతల్లోని గోండి లిపిని 2018లో యూనికోడ్‌లో చేర్చారు. ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. తెలుగు లిపిలో రాసుకుంటామంటే కోయకు పెద్ద ఇబ్బంది లేదు. సవర, కువి మాటల్లో గొంతు దగ్గర టక్కున ఆగే ధ్వనికి తెలుగులో అక్షరం లేదు గానీ, ఒక గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది. 2025 సెప్టెంబరులో గిరిజన మంత్రిత్వ శాఖ ఆది వాణి అనే అనువాద యాప్‌ను తెచ్చింది. సంతాలీ, భీలీ, ముండారీ, గోండీలతో మొదలుపెట్టారు. మంచిదే. 2011 లెక్కల్లో కోయ మా మాతృభాష అని రాయించుకున్నవాళ్లు 4 లక్షలకు పైగా ఉన్నా మొదటి జాబితాలో కోయ లేదు. కోయ గోండీకి దగ్గరదే కదా అంటారు. దగ్గరదే. అయితే తెలుగు కన్నడకు దగ్గరదని మా పిల్లలకు కన్నడ పుస్తకం ఇస్తారా?

ఇంకో సంగతి. అనువాదం వేరు, పాఠం వేరు. తారు రోడ్డు, పార్కు, స్కూటరు ఉన్న మా ఊరు పాఠాన్ని యంత్రం శుభ్రమైన కోయలోకి మార్చేసిందనుకుందాం. అప్పుడూ అది మా ఊరు కాదు. మా భాషలో చెప్పిన వేరేవాళ్ల ఊరు. విత్తనం మొలకెత్తే పాఠంలో కిటికీ పక్కన గాజు గ్లాసులో దూది పెట్టి శనగ గింజ వేస్తారు. మా పిల్లలు ప్రతి ఏడూ విజ్జ పండుం చూస్తారు. విత్తనం ముందు ఊరంతా నిలబడుతుంది, పెద్దలు చెప్పేదాకా భూమిలో గింజ పడదు. ఆ పిల్ల దగ్గరున్న విత్తన జ్ఞానం గ్లాసులో దూది కంటే చాలా పెద్దది. పాఠం దాన్ని అడగదు, అది ఉందని పాఠానికి తెలియదు.

అందుకే నేను తెర కంటే మైకు వైపు ఎక్కువ చూస్తున్నాను. ప్రతి ఫోనులో, ప్రతి ట్యాబులో మైకు ఉంది. పథకాలన్నీ దాని నుంచి పిల్లవైపు వచ్చే మాట గురించే మాట్లాడాయి. పిల్లనుంచి దానిలోకి పోయే మాట గురించి మాట్లాడలేదు. మేం ఏడో తరగతి పిల్లలతో ఒక పని మొదలుపెట్టాం. ఎండాకాలం సెలవులకు ఇంటికి పోయినప్పుడు వాళ్ల ఊళ్లో ప్రతి మడుగుకు, బండకు, గట్టుకు, తోవ మలుపుకు ఉన్న పేరు పెద్దవాళ్ల చేత చెప్పించి రికార్డు చేసుకురమ్మన్నాం. ఆ పేరు ఎందుకొచ్చిందో కూడా అడగమన్నాం. సొంత ఫోను లేని ఆడపిల్లలు అన్నల ఫోన్లు బతిమాలి తెచ్చుకున్నారు. మా వైపు చాలా ఊళ్లు పోలవరం ముంపులో ఉన్నాయి. కాలనీకి మారితే ఇంటికి నంబరు వస్తుంది. మడుగు పేరు కాలనీకి రాదు. ఈ సంగతి పిల్లలకు మేం చెప్పలేదు. ముసలివాళ్లే చెప్పారు, అది రికార్డుల్లో ఉంది.

సెలవుల తర్వాత క్లాసులో ఆ మాటలు వినిపించి తెలుగు అక్షరాల్లో రాయమన్నాను. అప్పుడు చూడాలి గొడవ. దీర్ఘం అని ఒకరు, కాదని ఒకరు. మళ్లీ వెయ్యి సారూ, మళ్లీ వెయ్యి. ఒకే మాటను పదిసార్లు విన్నారు. తెలుగు డిక్టేషన్‌లో ఎప్పుడూ తప్పించుకునే పిల్లలు ఒత్తులు, దీర్ఘాలు ఆ వారంలో పట్టుకున్నారు, ఎందుకంటే అక్కడ తప్పు ఏదో తేల్చేది వాళ్ల చెవి. తర్వాత ఆ కథల్ని తెలుగులోకి మార్చారు, కొందరు ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాశారు. తెర ముందు నోరు విప్పని పిల్లలు వీళ్లే. కంప్యూటరు వల్ల చదువు మారడమంటే నేను చూసింది ఇది. దీనికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ లాంటి చోట పిల్లల బొమ్మల కథలు ఎవరి భాషలోకైనా మార్చి ఉచితంగా అచ్చు వేసుకోవచ్చు. సిగ్నల్ ఉన్న ఊరికి పోయినప్పుడు దించుకుని వస్తే చాలు.

ఈ పనిలో జాగ్రత్తలు ఉన్నాయి. ఒక అవ్వ విత్తనాల పాట పాడనంది. కాలం కాని కాలంలో ఆ పాట పాడకూడదు, పెట్టెలో పెట్టి ఎప్పుడంటే అప్పుడు మోగించకూడదు అంది. పిల్లలు నిరాశపడ్డారు. ఆమె మాటే సరైందని నేనన్నాను. రికార్డు చేయకూడనివి ఏవో ఊరే చెప్పాలి. చెప్పినవాళ్ల పేరు, వాళ్లు ఒప్పుకున్నారా లేదా అన్నది రాసుకోవాలి. యూట్యూబులో పెట్టేద్దామని మన కుర్రాళ్లు తొందరపడతారు. ఇప్పుడు యంత్రాలకు మాటలు నేర్పడానికి కంపెనీలకు మన గొంతులు కావాలి. రేపు మన గొంతుతో పాఠం చేసి మనకే చందా కట్టమంటే? ఆ మాటల మీద హక్కు ఊరిది అని ముందే కాగితం రాసుకోవడం మంచిది. ఐటీడీఏ అధికారులు అడిగినా ఆ కాగితం చూపించాకే ఇవ్వాలి.

ఈ పుస్తకం చదివే టీచర్లను ఒకటి అడుగుతున్నాను. ఏరు, నారు, లోన్ లాంటి మాటలు సవరలో, కువిలో, కొలామీలో, గోండీలో ఏమున్నాయి? తెలుగు పాఠంలోనో ఇంగ్లీషు పాఠంలోనో వినగానే మీ పిల్లలు ఇంకోటి అనుకునే మాటలు. అవన్నీ ఒక పట్టీగా చేర్చుకుంటే, డిజిటల్ పాఠాలు చేసేవాళ్ల ముందు పెట్టడానికి మన చేతిలో ఒక గట్టి కాగితం ఉంటుంది. కోయవి మేం రెండు నోట్‌బుక్కుల్లో రాసి పెట్టాం. మీవి పిల్లల చేతే చెప్పించి, ఏ బడి, ఏ తరగతి అన్నది ముందు చెప్పించి, మెమరీ కార్డులో వేసి పోస్టులో పంపినా సరే. మా దగ్గర సిగ్నల్ కంటే పోస్టు నయం.